అన్నం తిన్న తర్వాతే

ఆ కాగితం మీద ఉన్న మాటల్లో నాది ఒకే ఒక్క మాట. మిగతావన్నీ బొంబాయిలో ఇంగ్లీషులో పుట్టి, హైదరాబాదులో తెలుగులోకి మారి, అచ్చాఫీసులో సీసపు అక్షరాలెక్కినవి. ఆ ఒక్క మాట మాత్రం ఉన్నమాట కొట్టేయించి నేనే పెట్టించాను. పెట్టించి మీసం మీద చెయ్యి వేసుకున్నాను కూడా. అప్పటికి నాకు చెప్పుకోదగ్గ మీసం లేదు గానీ పొగరు మాత్రం దండిగా ఉండేది.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. నేను ఒక మందుల కంపెనీకి ప్రతినిధిని. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండు జిల్లాలూ నావే. తోలుసంచిలో నమూనా సీసాలు పెట్టుకుని, మెడకు టై బిగించుకుని, ఎర్రబస్సుల్లో తిరిగి, దవాఖానల్లో డాక్టర్ల ముందు నిలబడి మా మందుల గుణగణాలు ఒప్పజెప్పడం నా ఉద్యోగం. మాది మక్తల్ దగ్గర ఒక పల్లె, నేతపని ఇల్లు. మగ్గం గుంతలో పెట్టాల్సిన కాళ్లను మెట్రిక్ గట్టెక్కి బూట్లలో పెట్టాను. ఊరికి పోతే "మందుల దొర వచ్చిండు" అని ఎగతాళి చేసేవాళ్లు. నాకది ఎగతాళిగా వినిపించేది కాదు.

నాకు ఒక్కతే అక్క. ఎనిమిదేళ్లు పెద్దది. అమ్మ పోయినప్పుడు నాకు ఐదేళ్లు. అప్పటినుంచీ నాకు తల దువ్విందీ, బడికి తరిమిందీ, తన వాటా రొట్టెలో సగం విరిచి నా చేతిలో పెట్టిందీ అక్కే. ఆమెను పక్క ఊళ్లో నేతవాళ్లకే ఇచ్చారు. బావ మగ్గం మీద కూర్చుంటే అక్క నూలు కండెలు చుట్టేది. వాళ్లకు ఒక్కతే బిడ్డ. మూడో తరగతి చదివేది.

ఆ ఏడు ఎండాకాలంలో అక్కకు దగ్గు పట్టుకుంది. కషాయాలు తాగింది, తాయెత్తు కట్టించుకుంది. దగ్గులో ఎర్రజీర కనపడిన రోజు బావ నాకు కార్డు రాశాడు. నేనే తీసుకుపోయి మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో చూపించాను. అక్కడి డాక్టరు నాకు బాగా తెలిసినవాడు. ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టి, రేగుపండంత మచ్చను నాకు చూపించాడు.

"క్షయ. ఫికర్ చెయ్యకు, ఇది ముందుగాల దొరికింది. ఏడాదిన్నర మందు ఇడవకుంట పడితే నూరేండ్లు బతుకుతది. ఇడిస్తే మాత్రం నా చేతిల లేదు" అన్నాడు.

కానీ అప్పటి మందంటే రోజూ సూదులు. సూదుల కోసం పట్నంలో ఉండాలి. అక్క ఇరవై రోజులు ఉండి ఇంటికి పోతానని ఏడ్చింది. బిడ్డ ఒక్కతే అయింది, మగ్గం ఆగింది, ముసలి అత్తకు కళ్లు సరిగా కనపడవు. డాక్టరు నా వైపు తిరిగాడు.

"మీ కంపెనీ గోలీ వస్తాందంటివి గద. అదొస్తే ఇంట్లనే ఉండి ఏసుకోవచ్చు. జర జల్దీ తెప్పియ్యి. మీ అక్క పాణం గా గోలీ మీదనే ఉన్నది."

అక్క ఆ ఆశతోనే ఇంటికి పోయింది. ఆ గోలీనే మేము ఆ వానాకాలం రెండు జిల్లాల్లో దించబోతున్నాం. మా ఆఫీసులో దాన్ని సినిమాకు చెప్పినట్టు 'రిలీజు' అనేవాళ్లు. అక్క సంగతి నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. క్షయ అంటే కుర్చీ వెనక్కి జరుపుకునే కాలమది.

రిలీజు అంటే చిన్న సంగతి కాదు. బొంబాయి ఫ్యాక్టరీలో మాత్రలు తయారై డబ్బాల్లో పడాలి. డబ్బాలో పెట్టే తెలుగు కాగితం హైదరాబాదులో అచ్చయి ముందే బొంబాయి చేరాలి. సరుకు రైల్లో మా గోదాముకు వచ్చి, అక్కడినుంచి తాలూకా దవాఖానలకూ మందుల దుకాణాలకూ ఒకే సోమవారం నాటికి అందాలి. డాక్టర్లకు ముందే చెప్పి ఒప్పించాలి. కాంపౌండర్లకు ఎలా ఇవ్వాలో నేర్పాలి. ఒకచోట మందు ఉండి ఇంకోచోట లేకపోతే, మొదలుపెట్టిన రోగి మధ్యలో ఆగిపోతాడు. ఈ జబ్బుకు మధ్యలో ఆగడం కంటే చెడ్డది లేదు.

మా మేనేజరుది కృష్ణా జిల్లా. గోడకు నిలువెత్తు చార్టు కాగితం తగిలించి, ఎర్ర పెన్సిల్‌తో వారాలూ నీలం పెన్సిల్‌తో ఊళ్లూ గీశాడు. ఎవరి పని ఎప్పటికి పూర్తి కావాలో ఆ గళ్లలో రాసి ఉండేది. పని అయిన గడిని నల్లగా నింపేవాళ్లం. పొద్దున ఆఫీసుకు రాగానే అందరం దేవుడి పటం చూసినట్టు దాన్నే చూసేవాళ్లం. ఆయన గట్టి మనిషి, మాట కరుకు, మనసు మంచిది. నా యాస మీద మాత్రం రోజుకొకసారి సరదా తీర్చుకునేవాడు.

"ఏమయ్యా, మీ గిట్లా గట్లా దేశంలో బస్సులు వెళ్తాయా, పోతయా?" అనేవాడు.

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వి, ఆయన వినేట్టు ఒక వాక్యం ఆయన భాషలో మాట్లాడి చూపించేవాణ్ణి.

మొదటి విడత ఊళ్లలో మక్తల్ లేదు. షాద్‌నగర్, మహబూబ్‌నగర్, నల్లగొండ, దేవరకొండ ఇలా రోడ్డు బాగున్న చోట్లే ఉన్నాయి. మక్తల్ రెండో విడతలో, మూడు నెలల తర్వాత. నేను పంతం పట్టాను. అక్కడ నేతవాళ్లు ఎక్కువనీ, దుమ్ములో నూలులో బతికే వాళ్లకే ఈ జబ్బు ఎక్కువనీ వాదించాను. అది నిజమే గానీ నా వాదన వెనుక ఉన్నది ఒక్క మనిషి. మేనేజరు చివరికి విసుగొచ్చి నీలం పెన్సిల్ నా చేతికే ఇచ్చాడు. మక్తల్ పేరు నేనే రాశాను.

ఇక కాగితం. తెలుగు చేసినాయన రాజమండ్రి వైపు పంతులు. నిండైన భాష. "ఆహారము స్వీకరించిన పిమ్మట మాత్రమే సేవించవలెను" అని రాశాడు. మా మాత్ర ఖాళీ కడుపున పడితే మంట, వాంతి. అందుకే ఆ వాక్యం అన్నింటికంటే ముఖ్యమని బొంబాయి వాళ్లు కింద గీత గీసి మరీ పంపారు. మేనేజరు చదివి నావైపు చూశాడు.

"మీ వాళ్లకు అర్థమవుతుందా ఇది?"

పుట్టింటి గొప్పలు మేనమామ దగ్గరా? నా ఊరి జనం సంగతి నన్ను అడగడమేమిటి! కాగితం లాక్కుని, కలం తీసి, ఆ పంతులు భాషను అడ్డంగా కొట్టేశాను. "'ఆహారము' అంటే మా పల్లెల్లో ఎవరికీ తెలియదు సార్. 'అన్నం' అని పెట్టండి. పిల్లవాడికైనా తెలుస్తుంది" అన్నాను. "అన్నం తిన్న తర్వాతే వేసుకొనవలెను" అని రాసిచ్చాను.

మేనేజరు ముచ్చటపడ్డాడు. "చూశారా, మనిషి ఆ ప్రాంతం వాడైతే ఎంత లాభమో" అని అందరి ముందూ అన్నాడు. ఆ సాయంత్రం హోటల్లో చాయ్ ఆయనే తాగించాడు.

అంతటితో ఆగినా బాగుండేది. చదువురాని వాళ్ల కోసం ఒక బొమ్మ వేద్దామన్నారు. బొమ్మలాయన "ఏం గీయమంటారు?" అని అడిగాడు. ఇస్తారాకు, దాని నడుమ అన్నం కుప్ప, పక్కన రెండు మాత్రలు గీయమన్నాను. ఆయన చెయ్యి మంచిది. ఇస్తారాకులో అన్నం మల్లెపూల కుప్పలా తెల్లగా వచ్చింది.

అనుకున్న సోమవారానికి అంతా జరిగింది. అప్పుడే వానలు మొదలయ్యాయి, ఒకచోట వాగు దాటలేక లారీ ఆగింది, అయినా డబ్బాలు చేరాయి. చార్టులో చివరి గడి నింపుతుంటే మేనేజరు మిఠాయి తెప్పించాడు. ఆ సోమవారం నేను దేవరకొండలో ఉండాలని చార్టులో ఉంది. మక్తల్ పోవాలని ప్రాణం కొట్టుకుంది గానీ, ఒక్కరు గడి తప్పితే అందరి పనీ తప్పుతుంది. కాబట్టి మక్తల్ దవాఖాన కాంపౌండరుకు ముందే చీటీ రాశాను. ఫలానా ఊళ్లో ఫలానా ఇంట్లో మా అక్క ఉంది, మొదటి డబ్బాలు ఆమెకే ఇవ్వండి, కాగితం చదివించండి అని.

వారం తిరక్కుండా బావ దగ్గరినుంచి కార్డు వచ్చింది. "నువ్వు పంపిన మందు అందింది. మీ అక్క సంబరపడ్డది. మందు జాగ్రత్తగా ఉన్నది. నీ కాగితంల రాసినట్టే చేస్తున్నం. ఫికర్ చెయ్యకు." దాన్ని రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాను. మందు జాగ్రత్తగా ఉండడమేమిటని నాకు తట్టలేదు. మందు ఉండాల్సింది కడుపులో కదా!

తర్వాత నాలుగు నెలలు నేను నల్లగొండ వైపే తిరిగాను. మధ్యలో ఇంకో రెండు కార్డులు రాశాను, బావ అదే జవాబిచ్చాడు. దసరా దాటాక మేనేజరు పిలిపించాడు. పట్నాల్లో మాత్ర బాగా పోతోంది, పల్లెల తాలూకాల నుంచి మాత్రం రెండోసారి అడిగినవాడే లేడు. డబ్బాలు తీసుకుపోయినవాళ్లు మళ్లీ దవాఖాన గడప తొక్కలేదు. బొంబాయి నుంచి టెలిగ్రాములు వస్తున్నాయి. ఆఫీసులో తలా ఒక మాట అన్నారు. దుకాణాల వాళ్లు వేరే కంపెనీ సరుకు అంటగడుతున్నారని ఒకరు, డాక్టర్లే రాయడం లేదని ఒకరు. నేనైతే "మా వాళ్లకు ఓపిక తక్కువ సార్, కాస్త నెమ్మదిస్తే మానేస్తారు" అన్నాను. ఆ మాట అన్నది ఈ నోటితోనే.

"నువ్వే వెళ్లి చూసి రా. ముందు ఆ మక్తల్ చూడు, పట్టుబట్టి పెట్టించావుగా" అన్నాడు మేనేజరు.

మక్తల్‌లో బస్సు దిగి నేరుగా దవాఖానకు పోయాను. కాంపౌండరు కోస్తా వైపునుంచి వచ్చి స్థిరపడ్డవాడు, పని మీద శ్రద్ధ ఉన్నవాడు. పుస్తకం తీసి చూపించాడు. తొలి నెలలో మందు తీసుకుపోయినవాళ్లలో ఒకరిద్దరు తప్ప మళ్లీ ఎవరూ రాలేదు. మా అక్క కూడా.

"మా అక్క కూడానా?" అన్నాను.

"రాలేదండి. మీ మనిషి కదా, ఇంట్లో నిల్వ ఉందేమో అనుకున్నా."

అక్కడినుంచి అక్క ఊరికి నాలుగు మైళ్లు. నడిచానో పరుగెత్తానో గుర్తులేదు. జొన్న కంకులు పాలు పోసుకుంటున్న చేల మధ్య బూట్లకు నల్లమట్టి పట్టుకుని ఒక్కో కాలూ బరువెక్కింది.

అక్క వాకిట్లో గోడకు ఆనుకుని ఎండలో కూర్చుంది. నేను ఆమెను దాటి ఇంట్లోకి పోబోయాను. నిజంగానే పోల్చుకోలేదు. "తమ్మీ" అని పిలిస్తే ఆగాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కళ్లు మాత్రమే ఆమెవి.

"మందు ఏసుకుంటున్నవా అక్కా?" అన్నాను. ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"ఇంక షురువు జెయ్యలే తమ్మీ."

నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నాను.

"ఏంది?"

"ఇంక షురువు జెయ్యలే. బియ్యం జమ గావాలె గద."

ఆమె నా మొహం చూసి, చిన్నప్పుడు లెక్క రాకపోతే చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చింది.

"అన్నం తిన్నంకనే ఏసుకోవాలె అని రాసినవ్. మధ్యల ఇడవొద్దని గూడ రాసినవ్. ఓ దినం అన్నం తిని ఏసుకోని, తెల్లారి అన్నం లేదని ఇడిస్తే మందు ఇషమైతది గద. పథ్యం తప్పొద్దు. అందుకే ముందుగాల బియ్యం జమజేస్తున్నం. పూటకు పిడికెడైతే సాలు నాకు. ఆరు నెల్లకు సరిపోయేటన్ని అయితే షురువు జేస్త, అప్పటిదాక మిగిలినయి మీ బావ చూస్తనన్నడు. ఇంగ జరంత తక్కువున్నయి, గంతే."

గోడ పట్టుకుని లేచి నన్ను లోపలికి తీసుకుపోయింది. మూలకు పెద్ద మట్టి కాగు. మూతికి గుడ్డ కట్టి ఉంది. విప్పింది. ముప్పాతిక దాకా బియ్యం. బియ్యం మీద చిన్న మూట, మూటలో నా డబ్బాలు. ఒక్కదాని సీలు కూడా ఊడలేదు. వాటి మీద నా కాగితం, మడతలు నలగకుండా, మూలకు పసుపు బొట్టు పెట్టి ఉంది. కాగు వెనుక గోడ మీద బొగ్గుతో గీతలు. సేరు పోసిన రోజున ఒక గీత. మా ఆఫీసు గోడ మీది గళ్లు గుర్తొచ్చాయి.

"దసరాకు గూడ మేం వరి తినలేదు నాయినా. అండ్లనే పోసినం" అంది అక్క అత్త, మంచం మీదినుంచి. ఆ మాటలో గొప్ప ఉంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అరిచాను.

"ఎవడు చెప్పిండు నీకు అన్నమంటే వరన్నమే అని?"

"నువ్వే గదరా" అంది అక్క. "అనుమానమొచ్చి కాంపౌండర్ సాబును గూడ అడిగిన. బొమ్మ చూడమన్నడు. బొమ్మల తెల్లగ కనవడ్తాంది గద."

బడినుంచి వచ్చిన మేనకోడలు గడప దగ్గర నిలబడి ఉంది. అక్క ఆమెను పిలిచి కాగితం ఇచ్చింది. "మామకు సదివి ఇనిపియ్యి బిడ్డ" అంది. ఆ పిల్ల పలక కింద పెట్టి, వేలు పెట్టి, ఒక్క ఒత్తు తప్పకుండా చదివింది. "అన్నం తిన్న తర్వాతే వేసుకొనవలెను. మధ్యలో మానరాదు." చదివి, మెచ్చుకుంటానేమోనని నావైపు చూసింది.

"జొన్నగట్క తింటే తిన్నట్టు గాదా అక్కా? రొట్టె తింటే తిన్నట్టు గాదా?" అన్నాను.

అక్క నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపటికి ఆగింది.

"గట్క గట్కనే, అన్నం అన్నమే. పట్నం పొయ్యి గది గూడ మరిచినవా?"

అవును, మరిచాను. ఆ పల్లెల్లో వరి ఎక్కడిది? మా ఇంట్లో పొద్దున జొన్నరవ్వ ఉడికించిన గట్క, రాత్రి జొన్నరొట్టె, పొలం కాడ అంబలి. అన్నమంటే పండుగ. లేదా జ్వరం. ఎవరికైనా జ్వరమొస్తే వైద్యుడు మందిచ్చి "పాత బియ్యం అన్నం పథ్యం" అనేవాడు. మా బాపు ఎక్కడికో పోయి తవ్వెడు బియ్యం బదులు తెచ్చేవాడు. ఆ అన్నం కోసం జ్వరం రావాలని కోరుకున్న పిల్లలం మేము. ఒకసారి నాకు నిజంగానే జ్వరమొస్తే, పళ్లెం పక్కన అక్క కూర్చుని నేను తింటుంటే చూసింది. నేను ఒక ముద్ద ఇవ్వబోతే "మందు గుణం తప్పుతది, నువ్వే తిను" అంది. మందు, అన్నం, పథ్యం మూడూ ఒక్క మాటే ఆమెకు. ఒకప్పుడు నాకూ అంతే. ఏడేళ్లు హైదరాబాదు మెస్సులో రెండు పూటలా అన్నం తిని, అది నా నోట్లో ఒట్టి 'తిండి' అయిపోయింది. ఆ రాజమండ్రి పంతులు రాసిన 'ఆహారము' ఉంచినా, తెలియని మాట కాబట్టి నలుగురిని అడిగి తెలుసుకునేవాళ్లు. తెలిసిన మాట పెట్టి నేను అడగనివ్వకుండా చేశాను.

అప్పటికప్పుడు గట్క పెట్టించాను. అక్క పళ్లెం పట్టుకుని జంకింది. "కడుపు కాల్తదంట గద? మందు ఎదురు దిరుగుతదేమో" అంది. నేను ముందు నాలుగు ముద్దలు గట్క తిని, డబ్బా విప్పి, రెండు మాత్రలు వేసుకుని నీళ్లు తాగాను. "చూడు, నాకేమైంది?" అన్నాను. అప్పుడు వేసుకుంది. మగ్గం మీదినుంచి లేచొచ్చిన బావ తలుపు పట్టుకుని చూస్తున్నాడు. ఆయన అన్న మాట ఒక్కటే. "గింతేనా? గట్క తిని గూడ ఏసుకోవచ్చునా?"

ఆ "గింతేనా" ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మర్నాడు కాంపౌండరును వెంటబెట్టుకుని చుట్టుపక్కల పది పన్నెండు ఇళ్లు తిరిగాను. నా మందు అంతటా భద్రంగానే ఉంది. ఉట్టి మీద, ఇంటి చూరులో, పెట్టెలో పెళ్లిచీర మడతలో. ఒక ముసలాయన బిడ్డ పెళ్లికి అన్నం వండుతారు కదా, ఆ రోజునుంచి మొదలుపెడతానన్నాడు. ఒకామె పండుగ పండుగకు వేసుకుంటోంది. కాంపౌండరు పుట్టి బుద్ధెరిగి రోజూ అన్నం తిన్నవాడు. ఆయన తప్పేముంది? ఆ నేలలో పుట్టినవాణ్ణి నేను.

హైదరాబాదు పోయి మేనేజరుకు చెప్పాను. అక్క సంగతితో సహా చెప్పాను. ఆయన గోడమీది చార్టునే చూశాడు.

"నేను 'ఆహారం' అనే రాయించాను కదయ్యా... నువ్వే..." అన్నాడు. నా మొహం చూసి ఆపేశాడు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నా యాసనూ ఎక్కిరించలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం. కొత్త కాగితం రాశాను. "గట్క గానీ, రొట్టె గానీ, అంబలి గానీ, ఏది తిన్నా సరే, తిన్న వెంటనే వేసుకోవాలి." మందు కాగితం మీద గట్క ఏమిటి, కంపెనీ మర్యాద పోతుందని పైవాళ్లు రాశారు. అప్పుడు మేనేజరే బల్ల గుద్ది, ఈ కాగితం ఇలాగే పోతుందని ఫోనులో అరిచాడు. మూడు వారాల్లో పాత కాగితాలు వెనక్కి తెప్పించి కొత్తవి పంపించాం. పల్లెల నుంచి మందు అడగడం మొదలైంది.

అక్క ఆ తర్వాత ఒక్క పూట కూడా తప్పలేదు. రెండు నెలలకు కాస్త తేరుకుంది, గడప దిగి రెండు కండెలు చుట్టింది కూడా. సంక్రాంతి దాటాక మళ్లీ పడింది. డాక్టరు కొత్త ఎక్స్‌రే కిటికీకి పట్టి చూశాడు. ఈసారి నాకు చూపించలేదు. "గా నాలుగు నెల్లు ముందుగాల షురువు జేస్తే" అని ఆగిపోయాడు. శివరాత్రి ముందు అక్క పోయింది.

పెద్ద దినం నాడు, అంటే పెద్దకర్మ రోజున, చుట్టాలకు అన్నం పెట్టాలి. బియ్యం ఎక్కడినుంచి తేవాలని బావ తల పట్టుకుంటే, అక్క అత్త మూలకున్న కాగు వైపు చెయ్యి చూపించింది. "దానియే ఉన్నయి గద. దాని పేరు మీదనే పోనియ్యి" అంది. కాగు వంచి వండారు.

వరసలో కూర్చోబెట్టి ఇస్తారాకు వేశారు. నడుమ అన్నం పెట్టారు. తెల్లగా, కుప్పగా, అచ్చం నేను గీయించిన బొమ్మలాగే ఉంది. నా చెయ్యి ముందుకు పోలేదు. తినకపోతే పోయినవాళ్లకు అందదని పక్కన కూర్చున్న పెద్దమనిషి మోచేత్తో పొడిచాడు. తిన్నాను.

చేతులు కడుక్కుంటుంటే మేనకోడలు దగ్గరకొచ్చి నిలబడింది. చేతిలో ఆ పాత కాగితం ఉంది, పసుపు బొట్టుతో సహా. ఇన్నాళ్లూ ఎక్కడ దాచిందో.

"మామా, నేను తప్పు సదివిన్నా?" అంది.

"లేదు బిడ్డా. నువ్వు సరిగ్గనే సదివినవ్."

"మరి?"

రాసినోడే తప్పు రాసిండని చెప్పాల్సింది. అంతమందిలో సాహసం చాలలేదు. తుండుతో మొహం తుడుచుకుంటున్నట్టు నటించి వాకిట్లోకి పోయాను. ఆ పిల్ల ఇప్పుడు నడివయసు మనిషి, నలుగురికి చదువు చెప్పే పంతులమ్మ. మళ్లీ ఎన్నడూ అడగలేదు. తప్పు తన చదువుదే అని ఆ వయసులో ఎన్నాళ్లు అనుకుందో నాకు తెలియదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, ఆమే ముందు చదవాలని. బిడ్డా, ఆ మాట నాది.